పాడుబడ్డ బంగళా చూడాలంటే ముందు టీకొట్టు దగ్గర బండి ఆపండి

పోయిన సంక్రాంతి సెలవుల్లో సముద్రం వైపు ఊళ్ళకు పోయి, బకింగ్‌హామ్ కాలువ మీద ఒక పాత లాకు, అంటే పడవల్ని దాటించే తలుపుల కట్టడం దగ్గర నిలబడి గోడలో రాతి వరసలు లెక్కబెట్టుకుంటున్నాను. గట్టు మీద మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగి, నన్నూ నా బండినీ చేతిలో టేపునీ కాసేపు చూసి, "అబ్బయ్యా, సర్వేకి వచ్చినావా? ఈసారి ఎకరం ఎంతకి తీసుకుంటారంట?" అన్నాడు. కాదు తాతా, లాకు చూడ్డానికొచ్చా అన్నాను. నమ్మలేదు. నమ్మే మాటేనా అది! ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రాళ్ళగుట్టని చూడ్డానికి నెల్లూరు నుంచి పెట్రోలు పోసుకుని ఒకడు వచ్చాడంటే ఎవరు నమ్ముతారు.

ఏడెనిమిదేళ్ళుగా నాకిదే పిచ్చి. పాత మిల్లులు, మూతబడ్డ సినిమా హాళ్ళు, కాలువ లాకులు, రైల్వే క్వార్టర్లు, ఎవరూ పట్టించుకోని మైలురాళ్ళు, ఆదివారం వస్తే ఏదో ఒకటి. ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగేవి రెండే, పాములుండవా, దయ్యాలుండవా అని. పాములుంటాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను. దయ్యం ఇంతవరకూ ఎదురుపడలేదు. అసలు తిప్పలు బతికున్న మనుషులతోనే. మనం పాడుబడిందని అనుకునే ప్రతి కొంపకీ ఎవరో ఒకరుంటారు. హైదరాబాదులో ఉండే వారసుడో, కోర్టులో కేసు నడిపే అన్నదమ్ములో, అందులో గేదెల్ని కట్టేసుకునే పక్కింటావిడో. వాళ్ళకి మీరెవరో చెప్పుకోగలిగితే సగం పని అయిపోయినట్టే, చెప్పుకోలేకపోతే ఎంత మంచి టార్చిలైటున్నా దండగ.

మీమీద పడే అనుమానాలు కూడా ముందే తెలిసి ఉండాలి. పోర్టు, ఫ్యాక్టరీలు వచ్చిన చోట మిమ్మల్ని భూసేకరణ వాళ్ళనుకుంటారు. టౌన్లో అయితే అవతలి పార్టీ పంపిన మనిషనుకుంటారు. ఉదయగిరి వైపు, ప్రకాశం జిల్లా పడమటి మండలాల వైపు పాత గుడి దగ్గర కనబడ్డారంటే గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు, ఇది అన్నిటికంటే ప్రమాదం. వాళ్ళనీ తప్పుబట్టలేం. నంది కింద గొయ్యి, లింగం పక్కన గొయ్యి, పగిలిన నిమ్మకాయలు, ఇలాంటివి ఆ ఊళ్ళవాళ్ళు నిజంగానే చూసి ఉన్నారు. కాబట్టి రాత్రిపూట పాత గుడి దగ్గరికి పోనేపోవద్దు, పగలు పోయినా పలుగు, పార, మెటల్ డిటెక్టర్ లాంటివి బండిలో ఉండకూడదు. నేను ఆ రోజు చేసిన తప్పు టేపు పట్టుకుని నిలబడటం. ఇప్పుడు కొలవాలంటే అడుగులేసి కొలుస్తాను.

అందుకే మొదటి మెట్టు టీకొట్టు. ఊళ్ళోకి పోగానే నేరుగా బంగళా దగ్గర బండి ఆపకండి. దానికి దగ్గర్లో ఉన్న టీకొట్టులో కూర్చుని, టీ చెప్పి, మీ ఊరు చెప్పి, "ఆ పాత మిల్లు ఎవరిదన్నా?" అని అడగండి. పది నిమిషాల్లో ఓనరు తాత పేరు, మిల్లు ఎందుకు మూతబడింది, ఎవరి దగ్గర తాళంచెవి ఉంది, అన్నీ వచ్చేస్తాయి, వాటితోపాటు ఎవరి కూతురు ఎవరితో పోయిందో కూడా వస్తుంది, అది వినేసి వదిలేయండి. వాచ్‌మన్ ఉంటే "పాత కట్టడాల ఫొటోలు తీసుకుంటాను, ఏమీ ముట్టుకోను, పావుగంటలో వచ్చేస్తా" అని ఉన్నమాట చెప్పండి. పత్రికవాళ్ళమనో, ఆఫీసు నుంచి వచ్చామనో అబద్ధం చెప్తే ఆ ఊళ్ళో రెండోసారి అడుగు పెట్టలేరు. డబ్బులు ముందే చూపించకండి, అనుమానం పెరుగుతుంది. వచ్చేటప్పుడు టీ ఖర్చులకని ఇస్తే బాగుంటుంది. మా చెల్లెలు వెంట వస్తే పని ఇంకా తేలిక. నేను వాకిట్లో నిలబడి బతిమాలుతుంటే తను వంటింట్లోకి పోయి వాళ్ళ పెద్దమ్మతో మాట్లాడుతుంటుంది, తాళంచెవి అక్కడి నుంచే వస్తుంది.

ఎక్కడ వెతకాలి

ముందు ఊరి పేర్లు వినండి. నెల్లూర్లో కోటమిట్ట ఉంది, కోట లేదు, ఎత్తుగా ఉన్న ఆ మిట్టా ఆ పేరూ మిగిలాయి. పొగతోటలో పొగాకు లేదు, ఎటు చూసినా ఆసుపత్రులూ స్కానింగ్ సెంటర్లే. స్టోన్‌హౌస్ పేట అంటే రాతి ఇళ్ళ పేట అనుకుంటారు మా ఫ్రెండ్సులో సగం మంది, అది స్టోన్‌హౌస్ అనే ఇంగ్లీషు కలెక్టరు పేరు. ఒంగోల్లో ప్రేయర్ మీటింగ్ కొండ అంటే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జూయెట్ 1854 జనవరి 1న ఎక్కి ప్రార్థన చేసిన కొండ. పేరులో ఉండి నేల మీద లేనిది ఏదో అది రాసిపెట్టుకోండి, వెతకడానికి అదే మంచి మొదలు.

తర్వాత తలెత్తి చూడండి. ట్రంకు రోడ్డు మీద రోజూ పోతుంటాం కానీ మన చూపు షాపు ఫ్లెక్సీ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఫ్లెక్సీ పైన మొదటి అంతస్తులో సున్నంతో చేసిన పూలతీగలు, చెక్క కిటికీలు, పిట్టగోడ మీద గచ్చులో చెక్కిన సంవత్సరం కనబడతాయి. పండగ రోజు పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపల షట్టర్లు దించి ఉన్నప్పుడు నడిస్తే మెడ నొప్పి పుట్టేంత సరుకుంది, బండి మీద పోతే ఏమీ కనపడదు. పాత కల్వర్టుల గోడల మీద కూడా కన్నేయండి. కట్టిన ఏడాది చెక్కిన రాయి ఉండొచ్చు, అదృష్టం బాగుంటే బాణం గుర్తు, పైన అడ్డగీత, పక్కన ఇంగ్లీషులో జి.టి.ఎస్. అక్షరాలు. అది దేశమంతా కొలిచిన పాత సర్వే వాళ్ళు సముద్రమట్టం నుంచి ఎత్తు గుర్తు పెట్టుకున్న రాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేవి అవే.

ఇంట్లో కూర్చుని చేసే పని కూడా కొంత ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు వెనక్కి జరిపి చూస్తే ఏ పైకప్పు ఎప్పుడు కూలిందో తెలిసిపోతుంది. టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళ వెబ్‌సైట్‌లో అమెరికా సైన్యం వేసిన పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో మన ఊళ్ళూ కాలువలూ ఉంటాయి. బాస్వెల్ అనే ఇంగ్లీషు దొర 1873లో తెచ్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల పుస్తకం, ఆర్కైవ్ డాట్ ఆర్గ్ సైట్లో చదువుకోవచ్చు. అప్పటికి ఒంగోలు, కందుకూరు కూడా నెల్లూరు జిల్లాలోనివే, ప్రకాశం జిల్లా 1970లో గానీ రాలేదు, కాబట్టి రెండు జిల్లాల వాళ్ళకీ పనికొస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఊళ్ళ పేర్లు రాసిన తీరు చూస్తే నవ్వొస్తుంది, పైకి చదివితే గానీ అది ఏ ఊరో తగలదు.

స్థలం ఎవరిదో తేలకపోతే ఆ ఊరి సచివాలయంలో అడగండి. గోడ మీద ఎర్ర పెయింటుతో "ఈ స్థలము కోర్టు వివాదములో ఉన్నది" అని ఉంటే మాత్రం బయటి నుంచి ఫొటో తీసుకుని వచ్చేయండి. అలాంటి చోట మీ ఫొటో ఎవరో ఒకరి కేసులో సాక్ష్యం అయ్యి కూర్చుంటుంది.

లోపలికి పోయాక ఏం చూడాలి

కొత్తగా వచ్చేవాళ్ళు రెండు సెల్ఫీలు దిగి "ఏముంది ఇక్కడ" అంటారు. ఒక్కో రకం కట్టడానికి చూడాల్సిన చోటు ఒకటుంటుంది, అది తెలిస్తే గంట కూడా చాలదు.

సినిమా హాలుని గోడౌనుగా మార్చినా నేల వాలు పోదు. సిమెంటు బస్తాల మధ్య నడుస్తుంటే కాళ్ళకి తెలుస్తుంది, తెర ఉన్న వైపుకి జారుతున్నట్టు ఉంటుంది. వెనక్కి తిరిగి పైకి చూడండి, గోడలో పక్కపక్కన చిన్న చదరపు కన్నాలుంటాయి, ప్రొజెక్టర్ వెలుతురు వచ్చింది వాటిలోంచే. ఇంకా బాగుండేది బయట టికెట్ల సందు. మనిషి ఒకడే పట్టేంత ఇరుకు, రెండువైపులా ఇనప గొట్టాలు, చివర చెయ్యి మాత్రమే దూరే కన్నం, దాని మీద సున్నం కింద నుంచి "నేల" అన్న అక్షరాలు తొంగిచూస్తుంటాయి, ఇంకో పక్క "స్త్రీలు". నేను చూసిన ఒక హాల్లో ఆ గొట్టం నడుము ఎత్తులో ఒకచోట మాత్రం నున్నగా అరిగి మెరుస్తోంది. అన్నేళ్ళ జనం చేతులు.

రైసుమిల్లులు నెల్లూరు చుట్టూ లెక్కలేనన్ని. మొలగొలుకుల వడ్లు పండిన నేల కదా. పాత ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టే తొట్లు, ఊకతో మండించే బాయిలరు, పొగగొట్టం, వడ్లు ఆరబోసే గచ్చు, ఈ వరసలో చూసుకుంటూ పోతే ధాన్యం ఏ దారిన నడిచిందో మీకే అర్థమవుతుంది. తొట్లు మాత్రం లోతు. వాన నీళ్ళు నిలిచి పైన నాచు కట్టి గచ్చులాగే కనబడతాయి, కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయకండి.

ప్రకాశం వైపు వస్తే నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పొగాకు బ్యారన్లు, అంటే పచ్చి ఆకుని వేడికి ఆరబెట్టే గదులు. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, ఎటు పోయినా చేల మధ్య కిటికీల్లేని పొడుగాటి ఇటుక గదులు. పొగాకు మానేసిన రైతులవి అలాగే వదిలేసి ఉంటాయి, జనం వాటిని కట్టడాలుగా కూడా లెక్కపెట్టరు. అడిగి లోపలికి పోయి మధ్యలో నిలబడి పైకి చూడండి. అడ్డంగా వరస మీద వరస వాసాలు కప్పు దాకా పోతుంటాయి, పచ్చి ఆకు కట్టిన కర్రలు వాటి మీద ఆనించేవాళ్ళు. నేల మీద పొయ్యి దగ్గర మొదలై గది చుట్టూ తిరిగి మళ్ళీ బయటికి పోయే లావుపాటి రేకు గొట్టాలు. పొగ గొట్టంలోనే పోవాలి, ఆకుకి వేడి మాత్రమే తగలాలి, అదీ కిటుకు. ఐదారు రోజులు రాత్రీ పగలూ ఒక మనిషి కాపలా కూర్చుని, లోపల వేలాడే థర్మామీటరు చూసుకుంటూ కట్టెలు ఎగదోసేవాడు. వేడి కాస్త ఎక్కువైతే ఆకు మాడి ఏడాది కష్టం పోతుంది, అందుకని నిద్ర ఉండదు. కొండపి వైపు ఒక బ్యారన్ గోడ మీద, తలుపు పక్కన, బొగ్గుతో నిలువు గీతలు కనబడ్డాయి నాకు, ఐదేసి గీతలకు ఒక అడ్డగీత. పెట్టిన కర్రలో, మేలుకున్న రాత్రులో, అప్పులో, ఆ రైతు కొడుక్కీ తెలియదు. వదిలేసిన బ్యారన్లో ఇంకా సన్నగా పొగాకు వాసన వస్తుంది, వాన పడిన మర్నాడైతే ఇంకాస్త గట్టిగా. ఒక జాగ్రత్త, కప్పు రేకులు అమ్మేసిన బ్యారన్ గోడలకి పైన పట్టు ఉండదు, గాలి గట్టిగా వీచే రోజు దాని పక్కన కూడా నిలబడకండి.

కాలువ లాకుల సంగతి. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సముద్రం పక్కనే పోయే కాలువ ఇది. మద్రాసు దగ్గర 1806లో మొదలైన ముక్క కాస్తా పెరుగుతూ వచ్చి, 1876-78 కరువులో జనానికి పని కల్పించడానికి పెద్ద ఎత్తున తవ్వించారు, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ పేరే దానికి పెట్టారు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఉప్పు, వడ్లు, సర్వి (సరుగుడు) కట్టెలు పడవల్లో మద్రాసు పోయేవి. ఇవన్నీ తెలుసుకుని లాకు దగ్గరికి పోతే అక్కడి రాయి వేరుగా కనబడుతుంది. రెండు తలుపుల మధ్య తొట్టి లాంటి ఖాళీ, అందులోకి పడవని తెచ్చి ఒక తలుపు మూసి, నీటిమట్టం అవతలివైపుతో సమానం అయ్యాక రెండో తలుపు తీసేవాళ్ళు. తలుపు మడతపడే గాడి గోడలో చూడండి. దానికంటే ముందు గట్టు అంచు రాళ్ళ మీద వేలు పెట్టి తడమండి, పడవ తాళ్ళు రాసుకుని రాసుకుని పడిన గాడులు తగులుతాయి. గ్రానైటుని తాడు కోసిందంటే ఎన్ని పడవలు పోయి ఉండాలో మీరే లెక్కేసుకోండి.

దొనకొండకి మాత్రం ఒక రోజంతా పెట్టుకోండి. మీటర్ గేజ్ (సన్న పట్టాల) రోజుల్లో ఇది ఆవిరి ఇంజన్ల షెడ్డుతో, రైల్వే క్వార్టర్లతో కళకళలాడిన ఊరు. ఆవిరి ఇంజన్లు పోయి, 1990ల్లో లైను బ్రాడ్ గేజ్ అయ్యాక షెడ్డు అవసరం తీరిపోయింది, కొలువులున్నవాళ్ళు వెళ్ళిపోయారు, ఇళ్ళు మిగిలాయి. ఊరి దగ్గర బ్రిటిష్ కాలంనాటి విమానాశ్రయం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ఎయిర్‌స్ట్రిప్ అది, దాన్ని మళ్ళీ తెరుస్తారని పేపర్లో అప్పుడప్పుడూ వస్తుంటుంది. క్వార్టర్ల దగ్గర చూడాల్సింది ఇళ్ళ సైజులు, గార్డుకి ఎంత ఇల్లు, ఖలాసీకి ఎంత ఇల్లు అన్నది గోడలే చెప్తాయి. పట్టాల మీద నడిచి ఫొటోలు దిగొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు లేదా వెయ్యి జరిమానా దాకా పోవచ్చు, పైగా ఆ లైన్లో బండ్లు నిజంగానే తిరుగుతున్నాయి.

ఉదయగిరి కోట గురించి చెప్పడానికి చాలా ఉంది, కానీ అది కొండ ఎక్కే పని, కొంపలు చూసే పని కాదు. 3,079 అడుగుల కొండ, కంప, నీళ్ళు మోసుకుపోవాలి, ఒంటరిగా వద్దు, ఊళ్ళో తెలిసినవాళ్ళని వెంట తీసుకోండి. ఒక్క మాట చెప్తాను. కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల నుంచి 1514లో ఈ కోట గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మన శిథిలాల్లో కనబడని ముక్కలు చాలావరకు ఇలాంటి మ్యూజియాల్లో దొరుకుతాయి, అక్కడికి కూడా ఒక ట్రిప్పు వేయండి.

సైదాపురం, పొదలకూరు వైపు పాత మైకా గనులున్నాయి. రోడ్డు పక్క మట్టి ఎండకి తళతళలాడుతుంటుంది, అది చూసి ఆనందించండి, అంతే. గోతుల్లోకి, సొరంగాల్లోకి దిగొద్దు. గాలి ఆడదు, అంచులు విరిగిపడతాయి, ఎవరి లీజు ఎక్కడిదాకానో తెలియదు.

దెబ్బ తగలకుండా

కావలి దగ్గర ఒక పాత బంగళాలో చెక్క మెట్లు ఎంత గట్టిగా కనబడ్డాయంటే, చేత్తో కొట్టి చూసి, సరే అని ఎక్కాను. మూడో మెట్టు నా కాలు పట్టుకుని కిందికి పోయింది. పైన చెక్క బాగానే ఉంది, లోపల చెదలు తినేసి అట్టలాగా అయ్యింది. పిక్క గీరుకుపోయి, రాత్రి టీటీ ఇంజక్షన్, ఆ తర్వాత అమ్మ దగ్గర దానికంటే పెద్ద ఇంజక్షన్. అప్పటి నుంచి నా రూలు ఒకటే, చెక్క మెట్లు ఎక్కను, మిద్దె మీదికి పోను. మన పాత మిద్దెలు టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసినవి, దూలం చివర గోడలో దూరిన చోటే కుళ్ళుతుంది, బయటికి కనపడదు. గది మధ్యలో కాకుండా గోడల వెంబడి నడవండి, కప్పులో నుంచి మట్టి రాలుతుంటే వెనక్కి వచ్చేయండి.

మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాను వస్తే ఇంకా గట్టిగా. ఆ వానలకు తడిసిన మట్టిగోడ వాన పడే రోజే కూలాలని లేదు, వెలిసి ఎండ కాశాక రెండో రోజో మూడో రోజో కూలుతుంది. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. రోహిణి కార్తెలో ఇంట్లో పడుకోండి.

పాములు. రక్తపింజరి కంపలో, ఇటుకల కుప్పల్లో ఆకులాగే పడి ఉంటుంది, బుస వింటే కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే చప్పుడులా ఉంటుంది. మడమల పైదాకా వచ్చే బూట్లు, జీన్సు ప్యాంటు, చేతిలో పొడుగాటి కర్ర, అడుగు వేసేముందు కర్రతో నేల తట్టడం, కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకపోవడం, ఇవి చాలు. కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, మంత్రం వేసేవాళ్ళ దగ్గర టైం పోగొట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. అందుకే ఒంటరిగా పోవద్దనేది. ఇద్దరైతే చాలు, ఆరుగురు పిలకాయలు గుంపుగా పోతే మళ్ళీ ఊరంతా లేస్తుంది.

పాముల కంటే నాకు భయం బావులు. పాత లోగిళ్ళ పెరట్లో గట్టు పడిపోయిన బావి మీద తీగలు అల్లుకుని పచ్చగా పరుపులా కనబడుతుంది. పెరట్లోకి పోయేముందు "బావి ఎక్కడుందమ్మా" అని పక్కింట్లో అడిగి పోండి. సర్కారు తుమ్మ ముల్లు పల్చటి చెప్పుని, స్పోర్ట్స్ బూటుని కూడా దాటి వస్తుంది. తేనెపట్టు కనబడితే గొంతు తగ్గించి వెనక్కి నడవండి. గబ్బిలాల గదిలో రెట్ట దుమ్ము లేపొద్దు, మాస్కు వేసుకోండి, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

చట్టం ముక్క కూడా తెలిసి ఉండాలి. ఖాళీగా ఉన్నా ఇల్లు ఇల్లే. ఒకరి ఇంట్లోకి చెడు ఉద్దేశంతో చొరబడితే, ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, అది స్టేషన్లో కూర్చుని నిరూపించుకోవాల్సి వస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం మీద పేరు చెక్కితే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దారిలో ఏదైనా దొరికితే ఏం చేయాలంటారా? 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది, పాత చిన్న గుడి అది, అందులో కుండ, కుండ నిండా రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు. వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు, మిగిలిన కొన్ని దొరల కంటపడటం వల్ల ఆ సంగతి మనదాకా వచ్చింది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాసి తెలపాల్సిందే. నాణెం సంగతి అలా ఉంచండి, నేను తలుపు కొక్కెం కూడా తెచ్చుకోను. సంతపేటలో పాత సామాన్లు కొనేవాళ్ళు అడిగినా సరే.

ఫొటోలు పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి. మనుషుల్లేని పాత గుడి, అందులో విగ్రహం, కింద మ్యాప్ లింకు, ఇంతకంటే దొంగకి కావాల్సింది ఏముంది. కాలువ లాకు, మైలురాయి, కల్వర్టు లాంటివాటికైతే ఊరి పేరు పెట్టొచ్చు, నలుగురు చూస్తే మంచిదే. ఇంటి లోపలి ఫొటో అయితే ఓనరుకి చూపించి, ఆయన సరే అన్నాకే.

ఇంకొకటి, ఇది ఎవరూ చెయ్యరు, చేస్తే మాత్రం వచ్చేసారి తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఫొటోలు ప్రింటు వేయించి తీసుకుపోయి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపడం కాదు, కాగితం మీద. శివరాత్రికి ముందు మళ్ళీ ఆ లాకు వైపు పోయి మేకల పెద్దాయనకి నాలుగు ప్రింట్లు ఇచ్చాను. కళ్ళజోడు కోసం మనవడిని ఇంటికి పంపించి, వచ్చేదాకా ఫొటోని దూరంగా పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. కళ్ళజోడు వచ్చాక ఒక రాయి మీద వేలు పెట్టి, "మా నాయన పడవ ఈడ్నే కట్టేటోడు" అని, ఉప్పు బస్తాలు ఎటు నుంచి ఎక్కించేవాళ్ళో, రాత్రిళ్ళు లాకు తీయించడానికి ఎలా కేకేసేవాళ్ళో అరగంట చెప్పాడు. మొదటిసారి పోయినప్పుడు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఫొటోలు జేబులో పెట్టుకుని, మేకల్ని అదిలించుకుంటూ నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగి, "సరేగానీ అబ్బయ్యా, నిజం చెప్పు, ఎకరం ఎంతంట?" అన్నాడు.